రాత్రి రిజిస్టరు, గుణుపురం

పన్నెండింటికి మళ్లీ రాస్తాను:
సెల్ నంబరు నాలుగు. పీహెచ్ పదమూడు పాయింటు ఒకటి.
డెబ్బై డిగ్రీలు. చుక్కకీ చుక్కకీ మధ్య
రెండు నిమిషాల పది సెకన్లు.

రైసుమిల్లు వెనకాల, ఒకప్పటి బెల్లం గోదాము ఇది.
వానాకాలం గోడలు ఇంకా తీపి వాసనేస్తాయి.
చీమలు పాత అడ్రసు మరిచిపోలేదు.
లోపల ఉక్కు గొట్టంలో పడుకుని
రోకలి పొన్నంత నల్లరాయి ముక్క
నాలుగేళ్లుగా సిమెంటు నీళ్లు తాగుతోంది.
దాని నడుమ ఒక పగులు, వెంట్రుక పాటిది.
ఆ పగులు కోసమే ఇంత జాగారం.

ఎక్కడో, ఇంకా చోటైనా తేలని లోతులో
చల్లారని బూడిదను దాచాలట.
బూడిద చుట్టూ ఉక్కు డబ్బా, దాని చుట్టూ బంకమన్ను,
ఆ పైన సిమెంటు. అన్నిటికీ అవతల కొండ.
చివరి కాపలా కొండదే, అన్నారు గొమాంగో సారు.
కాని కాపలావాడి పక్కన కూర్చున్న సిమెంటు
తడిసిందంటే ఊరుకోదు.
దాని చెమట రాయిని కొరుకుతుంది.

ఈ సంగతి చెప్తే మా నాయన తవిటయ్య నవ్వేడు.
"ఇది తెలుసుకోడానికి మిషనెందుకే?" అని
అరచేతులు లైటు కింద పెట్టేడు.
ముప్పయ్యేళ్లు స్లాబులు పోసిన చేతులు.
గీతలు అరిగిపోయి, చిలక జోస్యం వాడు
డబ్బులు వెనక్కిచ్చేసిన చేతులు.
వేళ్ల సందుల్లో తెల్లటి పగుళ్లు,
కొన్ని మూసుకున్నాయి, కొన్ని మూసుకోలేదు.
కొబ్బరినూనె రాస్తూ అమ్మ అనేది:
"కూడు పెట్టినట్టే పెట్టి చెయ్యి తినేసింది."

నిజమే నాయనా. కాని చర్మం కథ వేరు.
కరిగిన రాయి ఊరికే పోదు.
దాని ఫెల్‌స్పార్ కొద్దికొద్దిగా విడిపోయి
నీళ్లలోని సున్నంతో చెయ్యి కలుపుతుంది.
పగులు అంచున జిగురులా పేరుకుంటుంది,
అటు సిమెంటూ కాదు, ఇటు కొండా కాదు.
మన వీధిలో పిల్లలు తిట్టుకునే తిట్టులాగ,
మొదలు తెలుగు, తోక ఒడియా,
నడిమిన ఎక్కడిదో ఒక సవర మాట.

ఆ జిగురు పగులును మూసేస్తే మంచిది.
మూసి, పక్కన కొత్త దారి తీస్తే?
"తెలీదు" అంటారు సారు.
ఆయన నోట నాకు నచ్చే మాట అదే.

నిరుడు ఆషాఢంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది.
పదకొండు గంటలు రాయికి దాహం.
దొంగ లెక్క రాసేయొచ్చు, ఎవరు చూస్తారు?
పెన్ను ఎత్తేను కూడా.
లక్ష ఏళ్ల తర్వాత, మన మాటల్లో ఒక్కటీ మిగలని రోజున
బావి తవ్వుకునే వాడెవడో
ఆ పదకొండు గంటల మీద కాలు పెడతాడేమో అనిపించింది.
"పంపు ఆగినది. కారణం: కరెంటు" అని రాసి
కింద పేరు పెట్టేను, బెవర నీలవేణి అని, పూర్తిగా.

పోయిన వారం మూడో సెల్ తెరిచారు.
పగులు వెంట రెండు చెక్కలవుతుందనుకున్నాం.
అవలేదు. పైభాగం తెల్లగా అతుక్కుపోయి ఉంది,
మేకు పెట్టి తట్టినా రాలేదు.
కింద, ఎవరూ గీయని చోట
సన్నగా ఇంకో గీత.
సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు,
మళ్లీ పెట్టుకున్నారు, ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి చెప్తే నాయన
అన్నం కలుపుతూ ఆగేడు.
"నీరు పల్లమెరుగు" అన్నాడు.
కాసేపుండి, "పల్లం లేకపోతే చేసుకుంటాది."

రెండు గంటలు. సెల్ నంబరు నాలుగు.
పదమూడు పాయింటు సున్నా.
మీటరు తుడిచి మళ్లీ చూశాను. సున్నాయే.
ఒక్క గీత తగ్గింది.
లోపల ఏదో ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది.
రాసేను.
టేబులు కాలు వెంట చీమలు
లేని బెల్లం వైపు ఎక్కుతున్నాయి.